తంగూసు చివర సముద్రం



భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒక తెల్లవారుజామున, మా మనవరాలు మొదటిసారి గాలం పట్టుకుంది. అప్పటికి దానికి ఆరేళ్లు. తంగూసు దారాన్ని దాని చూపుడువేలి మీదుగా పోనిచ్చి, "వేలు కదపకమ్మా, దారం ఏం చెబుతుందో చూడు" అన్నాను. ఊపిరి బిగబట్టి నిలబడింది. దారం చిన్నగా లాగింది. "తాతయ్యా, చేప!" అని అరిచింది. "కాదమ్మా, కెరటం" అన్నాను. కాసేపటికి మళ్లీ లాగింది. "ఇది చేపే!" "ఇదీ కెరటమే." మూడోసారి లాగినప్పుడు అది అరవలేదు. నా మొహంలోకి చూసి, "మరి చేప లాగితే ఎలా ఉంటుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. అది వేలికి తెలియవలసిన సంగతి. కెరటం లాగితే దారం మెల్లగా బిగిసి మెల్లగా వదులవుతుంది. అడుగున నీరు లాగితే ఒకే వైపు, ఒకే బరువుతో లాగుతుంది. సీసం గుండు రాళ్లలో చిక్కుకుంటే దారం మొండిగా ఆగిపోతుంది. పీత ఎరను కొరుకుతుంటే దారం మీద ఎవరో గోరుతో గీకినట్టు ఉంటుంది. ఇక చేప ముట్టుకుంటే టక్ టక్ అని రెండు దెబ్బలు, ఆ తర్వాత ఒక్క లాగు. ఇంత చెప్పినా, చెయ్యి పట్టి చూస్తే తప్ప బోధపడదు.

సముద్రం పక్కన ఒక జీవితకాలం గడిపి కూడా దానికి పరాయివాళ్లుగా ఉండిపోయేవాళ్లం మనలో చాలామందిమి. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని మేం బడిలో చెప్పేవాళ్లం. కొత్తగా కొలిచిన లెక్కలో అది వెయ్యి కిలోమీటర్లు దాటింది. అంత తీరం ఉన్న మనం సముద్రం దగ్గరికి సాయంత్రాలు వెళతాం, మొక్కజొన్న పొత్తు తింటాం, పిల్లల కాళ్లు తడిపించి ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ఆ పూట పోటు మీద ఉందా పాటు మీద ఉందా అని అడిగితే చెప్పలేం. మా ఇంటిల్లిపాదికీ, నా స్నేహితులకీ సముద్రంతో నిజమైన పరిచయం గాలం వల్లనే కలిగింది. ఆ పరిచయం గురించీ, అది మా చేత చేయించిన పనుల గురించీ, మాన్పించిన పనుల గురించీ ఈ పూట మీతో చెప్పుకోవాలని ఉంది.

నాకు గాలం నేర్పినవాడు ఒక జాలరి పెద్దాయన. నేను బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. సెలవు రోజున రాళ్ల మీద కూర్చుని గంటల తరబడి గాలం వేసి, ఖాళీ చేతులతో లేచేవాణ్ణి. ఆయన కొన్నాళ్లు దూరం నుంచి చూసి, ఒకరోజు పక్కన వచ్చి కూర్చున్నాడు. "మాస్టారూ, సేప కోసం సూడకండి. నీరేటి సేత్తందో సూడండి. నీరు తెలిత్తే సేప అదే తెలుత్తాది" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా అంతకు మించిన పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు.

ఆయన చేతిలో కర్ర లేదు, రీలు లేదు. చెక్కముక్కకు చుట్టిన తంగూసు, దాని చివర సీసం గుండు, గుండుకు జానెడు పైన రెండు గాలాలు, ఎరకు ఉప్పు రాసిన రొయ్య. అంతే సరంజామా. ఆయన చిన్నతనంలో నూలు దారాన్ని చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి, ఎండబెట్టి వాడేవారట. వాడినప్పుడల్లా కడిగి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేదట. నైలాన్ 1930లలో పుట్టింది. అది మన తీరానికి చేరాక ఆ శ్రమ పోయింది. దాంతో పాటే ఇంకో చిక్కు వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు కర్రలూ రీళ్లూ వేల రూపాయల ధరల్లో దొరుకుతున్నాయి. కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. పిల్లలకు మాత్రం మొదట చేతి దారమే ఇవ్వమని నా మనవి. కర్రతో విసిరితే గాలం దూరం పోతుంది, నిజమే. కానీ నీటి అడుగున జరిగేదంతా నేరుగా వేలికి చెప్పేది చేతి దారమే.

నీరు ఏం చేస్తోందో చూడమన్నాడు కదా ఆయన. నీరు చేసే పనుల్లో మొదటిది పోటు, పాటు. మన తూర్పు తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం ఆరింటికి పోటు వస్తే, రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు రోజూ ఎంత ఆలస్యంగా ఉదయిస్తాడో, పోటూ ఇంచుమించు అంతే ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీత మీద కలుస్తుంది కాబట్టి ఆ రోజుల్లోనూ, తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు ఎక్కువ ఎత్తుకు లేస్తుంది, పాటు ఎక్కువ లోతుకు దిగుతుంది. విశాఖ దగ్గర ఆ తేడా సుమారు మీటరున్నర దాకా ఉంటుంది. అష్టమి రోజుల్లో తేడా బాగా తగ్గిపోయి, నీరు బద్ధకంగా ఉంటుంది.

ఇది తెలిశాక మా ఇంట్లో గోడ మీది పంచాంగం క్యాలెండరుకు కొత్త పని పడింది. ఏకాదశి ఎప్పుడు, సంకటహర చతుర్థి ఎప్పుడు అని చూసుకునే మా ఆవిడ, "ఈ ఆదివారం విదియ వచ్చింది, నీరు బాగా నడుస్తుంది, వెళదామా?" అని అడగడం మొదలుపెట్టింది. నీరు నడుస్తున్నప్పుడే చిన్న రొయ్యలూ, పురుగులూ, చేపపిల్లలూ కొట్టుకువస్తాయి. వాటి వెనకే పెద్ద చేపలు వస్తాయి. పోటు నిండి నీరు నిలిచిపోయిన అరగంటలో గాలం తీసి, టిఫిన్ డబ్బా విప్పుకోవడం మంచిది. మా పిల్లలు తిథుల పేర్లన్నీ వరుసగా నేర్చుకున్నది గాలం కోసమే. ఏ పూజకీ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

గోస్తనీ మొగ దగ్గర ఇంకో విశేషం ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది ఆ నది. గోస్తని అంటే ఆవు పొదుగు. పేరుకు తగ్గట్టే, తీపి నీరూ ఉప్పు నీరూ కలిసే ఆ చోటు చేపపిల్లలకు పాలిచ్చే చోటు. అక్కడ కత్తిపరిగెలు గుంపులుగా తిరుగుతూ ఉన్నట్టుండి నీటి పైకి ఎగురుతాయి. మీసాల జెల్లలు అడుగున బురదలో వెతుక్కుంటాయి. రాళ్లున్న చోట ఎర్రెర్రని గులివిందలు పడతాయి. అదృష్టం ఉంటే పండుగప్ప.

పండుగప్ప గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ చేప నదుల్లో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి వస్తుంది. చాలా మటుకు మొదట మగ చేపగా ఎదుగుతుంది. కొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడ చేపగా మారుతుంది. అంటే చేతికందిన పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లి చేపే. అలాంటి ఒక్క చేప కడుపులో లక్షల గుడ్లు ఉంటాయి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి, పెద్ద పండుగప్పను చేతుల్లో పట్టుకుని ఫోటో దిగే వాళ్లను చూస్తే నాకు సంతోషం కన్నా బెంగ ఎక్కువగా కలుగుతుంది.

ఇక సముద్రం మమ్మల్ని హెచ్చరించిన రోజు గురించి చెబుతాను. అది ఏప్రిల్ నెల. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి లేదు. నేనూ, నా ఇద్దరు స్నేహితులూ, వాళ్ల పిల్లలూ కలిసి ఒక రాతి గుట్ట మీద కూర్చున్నాం. బండ పొడిగా ఉంది కాబట్టి కెరటం అక్కడిదాకా రాదనుకున్నాం. ముప్పావు గంట అలాగే గడిచింది. ఉన్నట్టుండి వరసగా మూడు కెరటాలు లేచాయి. మూడోది మా నడుముల దాకా వచ్చి, బుట్టనూ చెప్పులనూ ఊడ్చుకుపోయింది. ఒక పిల్లవాణ్ణి వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని ఆపాడు. ఆ పట్టు ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారిపోతుంది.

గాలి లేని రోజున అంత కెరటం ఎక్కడి నుంచి వచ్చింది? వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ సముద్రాల్లో చెలరేగిన తుపాను గాలులు పుట్టించిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకు చేరతాయి. అవి ఒకదాని వెనక ఒకటి దట్టంగా రావు. చాలాసేపు ఊరుకుని, గుంపుగా వస్తాయి. అందుకే బండ పొడిగా ఉండటం ఒక్కటే ఆధారం కాదు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ ఉంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో, ఏ తీరంలో ఎంత ఎత్తు కెరటాలు రావచ్చో ముందుగా చెబుతుంది. వేటకు వెళ్లే జాలర్ల కోసం పెట్టిన ఆ సూచనలు మనలాంటి వాళ్లకూ అంతే అవసరం. బయల్దేరే ముందు రాత్రి అవి చూడకుండా మేం ఇప్పుడు గడప దాటం.

ఆ రోజు తర్వాత మేం కొన్ని నియమాలు పెట్టుకున్నాం. రాళ్ల మీదికి ఎక్కే ముందు ఇరవై నిమిషాలు దూరంగా నిలబడి, కెరటం ఎంతవరకు వస్తోందో చూడాలి. పిల్లలతో వెళ్లిన రోజున రాళ్ల జోలికే పోకూడదు. మొగ లోపలి గట్టు మీదో, వెడల్పాటి ఇసుక ఒడ్డు మీదో కూర్చోవాలి. సముద్రానికి వీపు పెట్టి ఎవరూ నిలబడకూడదు. గాలం వేసే వాళ్లు ఎంతమంది ఉన్నా, ఒక పెద్దమనిషి గాలం ముట్టకుండా పిల్లల మీదే కళ్లు పెట్టి ఉండాలి. ఆ వంతు అందరికీ వస్తుంది. గాలం ఎంత దూరంలో చిక్కుకున్నా, దాని కోసం నీళ్లలోకి దిగకూడదు. తంగూసు తెంపుకోవచ్చు.

ఒడ్డున కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీరు నునుపుగా, కొంచెం నల్లగా కనబడితే అక్కడ నీరు లోపలికి పోతోందని గుర్తు. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ప్రశాంతంగా ఉందనుకుని కుటుంబాలు సరిగ్గా అక్కడే స్నానానికి దిగుతుంటాయి. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఆ లాగుడుకు ఎదురీది గెలవడం ఎవరి తరమూ కాదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, లేదా చెయ్యెత్తి తేలుతూ ఉండాలి. నీటిని చదవడం అలవాటైన గాలం మనిషి ఆ నునుపు చోటును దూరం నుంచే గుర్తుపట్టి పక్కవాళ్లను హెచ్చరించగలడు.

చిన్న గాయాల గురించి కూడా చెప్పాలి. జెల్లకు వీపు మీద, రెండు రెక్కల దగ్గర ముళ్లుంటాయి. టేకు చేపకు తోక మీద ముల్లుంటుంది. గుచ్చుకుంటే విషం ఎక్కి మంట పెడుతుంది. ఆ విషం వేడికి విరిగిపోతుంది. కాబట్టి చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఆ భాగాన్ని ముంచి ఉంచాలి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మేం ఫ్లాస్కులో వేడి నీళ్లు తీసుకెళతాం. చాలామంది అది కాఫీకి అనుకుంటారు. ఇంకొకటి, సీసం గుండును పళ్లతో కొరికి నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. సీసం ఒంటికి చేటు చేస్తుంది, పిల్లలకు మరీ. గుండు ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే ఇడ్లీ ముట్టుకోవాలి.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయీ అల్లుడూ ఉంటున్న అమెరికా వెళ్లాం. వాళ్లది టెక్సాస్‌లో హ్యూస్టన్ దగ్గర. అక్కడికి కొంత దూరంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున గాల్వెస్టన్ అనే దీవి ఉంది. ఒక శనివారం నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి పులిహోర డబ్బాలతో, మడత కుర్చీలతో సముద్రంలోకి కట్టిన పొడవాటి చెక్క వంతెన మీదికి వెళ్లాం. నేను అలవాటు కొద్దీ పోటు ఎప్పుడని అడిగితే, అక్కడ చాలా రోజుల్లో పోటు ఒక్కసారే వస్తుందని తెలిసింది. నీరు లేచేది కూడా తక్కువే, అరమీటరు లోపు. సముద్రాలన్నీ ఒకటే అనుకుని వెళ్లినవాణ్ణి, అక్కడ మళ్లీ మొదటి తరగతిలో కూర్చున్నాను.

అక్కడ గాలం వేయాలంటే లైసెన్సు కావాలి. పదిహేడేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. నా పేర కూడా ఒక లైసెన్సు తీసుకున్నారు. మా మనవడి గాలానికి ఒక రెడ్ డ్రమ్ పడింది. రాగి రంగు ఒళ్లు, తోక దగ్గర నల్లటి చుక్క. మన గొరసల కుటుంబానికి చెందిన చేపే అది. డోలు మోగించినట్టు చప్పుడు చేస్తుందని ఆ పేరు. మా అల్లుడు వెంటనే టేపు తీసి కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలుంది. మామూలుగా ఇరవైకీ ఇరవై ఎనిమిదికీ మధ్య ఉన్నదే ఇంటికి తీసుకెళ్లాలి. అదీ మనిషికి రోజుకు మూడు. మనవడు కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే దాన్ని వదిలేశాడు. చిన్నది వదలడం నాకు అర్థమైంది. పెద్దది ఎందుకు వదలాలి అని అడిగాను. ఆ చేపలు మొదటి కొన్నేళ్లు ఒడ్డు దగ్గరి కయ్యల్లో పెరిగి, తర్వాత బయటి సముద్రానికి పోయి గుడ్లు పెడతాయట. పెద్దవన్నీ తల్లులూ తండ్రులూ. నాకు వెంటనే గోస్తనీ మొగ దగ్గరి పండుగప్ప గుర్తొచ్చింది.

ఆ నియమం వెనక ఒక కథ ఉంది. విపరీతంగా పట్టడం వల్ల ఆ చేప తగ్గిపోతుంటే, 1981లో టెక్సాస్ శాసనసభ తమ నీళ్లలో సహజంగా పెరిగిన రెడ్ డ్రమ్ అమ్మకాన్నే నిషేధించింది. అదే దశాబ్దంలో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ ప్రుడోమ్ అనే వంటమాస్టరు ఆ చేపకు మసాలా పట్టించి, మండే పెనం మీద నల్లగా కాల్చే వంటకాన్ని పేరుకు తెచ్చాడు. దేశమంతా ఆ రుచి కోసం ఎగబడింది. గల్ఫ్ నడిసముద్రంలో ఉన్న పెద్ద చేపల గుంపుల మీద వలలు పడ్డాయి. చివరికి అక్కడ కూడా వేట ఆపించాల్సి వచ్చింది. ఆ తర్వాత నియమాలు పాటించి, హేచరీల్లో పిల్లల్ని పెంచి వదిలి, ఆ చేపను మళ్లీ నిలబెట్టుకున్నారు. ఒక్క వంటకం మీది మోజు ఒక జాతి ప్రాణం మీదికి తెచ్చింది. తిరిగి నిలబెట్టుకోవడానికి ఏళ్లు పట్టింది.

మన దగ్గర ఒడ్డున గాలం వేసే మనిషిని టేపు ఏదని అడిగేవాళ్లు లేరు. అందుకని ఆ టేపు మన సంచిలోనే ఉండాలి. మా సంచిలో ఇప్పుడు బట్టలు కొలిచే పాత టేపు ఒకటి ఉంటుంది. జానెడు కూడా లేని చేపపిల్ల పడితే వదిలేస్తాం. పెద్ద పండుగప్ప పడినా వదిలేస్తాం. వదలడానికీ ఒక పద్ధతి ఉంది. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ జిగురే. కాబట్టి చేతులు తడుపుకుని పట్టుకోవాలి. ఇసుకలో పడేయకూడదు. గాలం గొంతులోకి దిగిపోతే లాగకుండా, దారం దగ్గరికి కత్తిరించి వదలాలి. మొన గుండ్రంగా లోపలికి వంగి ఉండే గాలాలు దొరుకుతున్నాయి. అవి చాలావరకు చేప పెదవి మూలనే పట్టుకుంటాయి. వదిలేసిన చేప బతికే అవకాశం ఎక్కువ.

నైలాన్ తెచ్చిన చిక్కు గురించి చెబుతానన్నాను కదా. తెగిన తంగూసు ముక్క కుళ్లదు. ఏళ్ల తరబడి రాళ్లలోనే ఉండి, పక్షుల కాళ్లకూ తాబేళ్ల మెడలకూ చుట్టుకుంటుంది. చలికాలం చివర, జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళతాయి. ఆ తల్లి నడిచే దారిలో మన తంగూసు ఉండకూడదు. మా పిల్లలకు ఒక లెక్క పెట్టాం. ఎంత దారం తెచ్చామో అంతా ఇంటికి రావాలి. మనది కాని ముక్కలు దొరికితే అవీ ఏరాలి. కొన్ని ఆదివారాలు మేం పట్టిన చేపల కంటే ఏరిన తంగూసే ఎక్కువ బరువు తూగింది. ఆ రోజు వృథా అయిందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఇంకో మర్యాద ఉంది. మనకు సరదా అయిన ఈ పని మన పక్కనున్న మనిషికి కూడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలమని ఆ కట్టడి. ఆ రెండు నెలలు హార్బరులో పడవలు బారులు తీరి ఆగిపోతాయి. వాటి మీద బతికే ఇళ్లలో చేతులు బిగించుకుని ఖర్చు పెట్టుకుంటారు. సముద్రం కోసం వాళ్లు రెండు నెలల రాబడి వదులుకుంటుంటే, సరదాకు వెళ్లిన మనం గుడ్లున్న చేపను బుట్టలో వేసుకోవడం నాకు సబబుగా తోచలేదు. ఆ రోజుల్లో మేం పట్టినవన్నీ వదిలేస్తాం. మిగతా రోజుల్లో కూడా, ఒడ్డున పెద్దవల లాగుతుంటే మా గాలాలు చుట్టేసి దూరంగా జరుగుతాం. పిలిస్తే ఒక చెయ్యి వేస్తాం. ఆరేసిన వలను తొక్కం, ఒడ్డున ఉన్న పడవ మీద చెప్పులతో కూర్చోం. ఎక్కువ చేపలు పడ్డాయని ఎప్పుడూ అమ్మం, ఇరుగుపొరుగుకు పంచుతాం. ఎర రొయ్యలు మాత్రం బుట్ట దించిన అమ్మ దగ్గరే, అడిగిన ధరకే కొంటాం. నాకు గాలం నేర్పిన పెద్దాయన ఫీజు తీసుకోలేదు. ఆయన వాళ్లకు నేను ఇంతైనా చెల్లించుకోవాలి.

ఇక మనుషుల సంగతి. గాలం పట్టుకుని కూర్చున్నప్పుడు అందరి కళ్లూ ఒకే వైపు ఉంటాయి. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేని మాట అక్కడ వస్తుంది. నా స్నేహితుడు ఒకాయనకు భార్య పోయింది. ఎవరింటికీ వచ్చేవాడు కాదు, ఎవరు వెళ్లినా పలికేవాడు కాదు. ఆదివారం పొద్దున్నే వెళ్లి, "గాలం పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు, రారా" అని తీసుకెళ్లేవాళ్లం. నాలుగైదు నెలలు వచ్చాడు, కూర్చున్నాడు, మౌనంగా వెళ్లాడు. ఒకరోజు నీళ్ల వైపే చూస్తూ, "దానికి గులివిందలంటే ప్రాణంరా" అన్నాడు. ఆ తర్వాత రెండు గంటలు ఆమె గురించే చెప్పాడు. మేం అతని మొహం వైపు చూడలేదు. ఎవరి దారం వాళ్లు పట్టుకుని విన్నాం. ఆ రోజు ఎవరికైనా చేప పడిందో లేదో నాకు గుర్తు లేదు.

ఇంటికి వచ్చాక వంటింటి పని కూడా అందరిదీ. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టడం మా అబ్బాయి బాధ్యత. కానాగంతల్లాంటి చేపలు ఎండలో ఉండిపోతే వాటిలో పుట్టే విషం ఎంత ఉడికించినా పోదు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పొలుసు తీయడం, బూడిద రుద్ది కడగడం నా పని. గులివిందలైతే ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లితో ఇగురు. కత్తిపరిగెలైతే చింతపండు పులుసు. ఎండాకాలం అయితే చింతపండుకు బదులు పచ్చి మామిడికాయ పడుతుంది. మా ఆవిడ పులుసును గరిటెతో కలపనివ్వదు. ముక్క విరగకుండా గిన్నె చెవులు పట్టుకుని ఒక్కసారి తిప్పుతుంది. రాత్రి వండి పొద్దున్నే తింటే ఆ రుచే వేరు. నాలుగు చిన్న చేపలు పదిమందికి సర్దాలంటే పులుసు ఎక్కువ పెట్టాలి. ముక్క చిన్నపిల్లలకు, తల పెద్దవాళ్లకు. తామే పట్టిన చేప కాబట్టి పిల్లలు ముల్లు తీసుకోవడం కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు.

మొన్న సంక్రాంతి సెలవులకు మనవరాలు వచ్చింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. అదే మొగ దగ్గర, అదే గట్టు మీద ఇద్దరం ఒకే దారం పట్టుకున్నాం. ఇటీవల నా వేళ్లకు స్పర్శ కొంచెం మందగించింది. దారం మెల్లగా కదిలింది. "కెరటంలే" అన్నాను. అది కాసేపు కళ్లు మూసుకుని, "కాదు తాతయ్యా, చేప. చిన్నది" అంది. లాగి చూస్తే అరచేతిలో పట్టేంత గులివింద పిల్ల. సంచిలోంచి టేపు తీయబోయాను. అది అప్పటికే చేతులు తడుపుకుని, గాలం విప్పి, నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేప రెండు క్షణాలు దాని వేళ్ల మధ్య ఆగి, తోక కొట్టి వెళ్లిపోయింది. నేను ఏమీ చెప్పకుండానే అది లేచి, వెనక్కి తిరగకుండా, సముద్రం వైపే చూస్తూ, నాలుగు అడుగులు వెనక్కి వేసి గట్టెక్కింది.

మీ ఇంటికి సముద్రం దగ్గరైతే, వచ్చే పౌర్ణమి దాటాక ఒక ఉదయం పిల్లలనూ, పెద్దలనూ, పలకరించి చాలాకాలమైన స్నేహితుణ్ణీ వెంటబెట్టుకుని వెళ్లండి. ఒక చుట్ట తంగూసు, ఒక సీసం గుండు, గుప్పెడు రొయ్యలు చాలు. ముందు ఇరవై నిమిషాలు నీళ్లను చూడండి. తర్వాత దారాన్ని పిల్లల వేలి మీద ఉంచండి.